శత్రువు కనిపించాలా, దాగి ఉండాలా: ఆర్పీజీ కొనే ముందు ఒక సలహా

ఆర్పీజీ, అంటే ఒక పాత్రగా మారి కథలో సాగే రోల్ ప్లేయింగ్ గేమ్, కొనే ముందు మనవాళ్లు బొమ్మలు ఎలా ఉన్నాయో చూస్తారు, కథ ఎన్ని గంటలు నడుస్తుందో అడుగుతారు, తమ కంప్యూటరు దాన్ని మోయగలదో లేదో కనుక్కుంటారు. శత్రువు ఎలా ఎదురవుతాడని మాత్రం దాదాపు ఎవరూ అడగరు. నిజానికి మన సమయం ఎక్కువగా పోయేది అక్కడే. ఊరి నుంచి గుహకు, గుహ నుంచి కోటకు సాగే ఆ నడక మీకు సరిపడకపోతే ఎంత మంచి కథైనా సగంలో ఆగిపోతుంది. గుంటూరులోనూ విజయవాడలోనూ ఆటలు మధ్యలో వదిలేసిన కుర్రవాళ్లను కదిపితే నేను తరచూ వినే మాట ఇదే: "కథ బాగుంది అన్నయ్యా, కానీ నాలుగడుగులు వేయనివ్వడం లేదు."

పద్ధతులు రెండు. మొదటిదానిలో దారి ఖాళీగా కనిపిస్తుంది. నడుస్తుండగా తెర మెరిసి, సంగీతం మారి, ఎక్కడి నుంచో వచ్చినట్టు పోరాటం మొదలవుతుంది. దీన్ని ర్యాండమ్ పద్ధతి అంటున్నాం. రెండోదానిలో శత్రువులు దారి మీదే తిరుగుతూ కనిపిస్తారు. మనం వాళ్లను తాకినా, వాళ్లు మనల్ని తాకినా పోరాటం. మొదటిది పాతకాలపుది, రెండోది కొత్తది, కాబట్టి రెండోదే మేలు అని తేల్చేసేవారు చాలామంది ఉన్నారు. నేను ఒప్పుకోను. నడిచేటప్పుడు మీ బుర్ర దేని మీద పనిచేయాలి అన్నదే అసలు ప్రశ్న. శత్రువు కనిపించని ఆటలో మీ ఆలోచనంతా సంచి చుట్టూ తిరుగుతుంది: మందులెన్ని ఉన్నాయి, మంత్రశక్తి ఎంత మిగిలింది, ఇంకా లోపలికి వెళ్లాలా, వెనక్కి తిరగాలా. శత్రువు కనిపించే ఆటలో ఆలోచన దారి చుట్టూ తిరుగుతుంది: ఎటు నుంచి వెళ్లాలి, ఎవరిని తప్పించుకోవాలి, ఎవరిని వెనుక నుంచి పట్టుకోవాలి. ఈ రెండింటిలో మీకు ఏది ఇష్టమో తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

పాచిక నుంచి వచ్చిన పద్ధతి

1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట. నేలమాళిగలో తిరుగుతున్నప్పుడు ఆట నడిపే వ్యక్తి విడతకోసారి ఆరు ముఖాల పాచిక వేస్తాడు. ఆరు పడితే చీకట్లోంచి ఏదో ఒక భూతం ఊడిపడుతుంది. 1981లో ఆపిల్ 2 కంప్యూటరు మీద వచ్చిన విజార్డ్రీ ఆ పాచికను యంత్రం చేతికిచ్చింది. 1986లో డ్రాగన్ క్వెస్ట్, ఆ మరుసటి ఏడాది ఫైనల్ ఫాంటసీ దాన్ని జపాన్ ఇళ్లలోని టీవీల ముందుకు తెచ్చాయి. ఆ రెండూ నడిచిన ఫ్యామికామ్ యంత్రం తెర మీద ఒక అడ్డు వరుసలో ఎనిమిది కదిలే బొమ్మ ముక్కలకు మించి చూపలేదు. మొదటి డ్రాగన్ క్వెస్ట్ మొత్తం 64 కిలోబైట్లలో ఇమిడిపోయింది. ఇవాళ మనం వాట్సాప్‌లో పంపుకునే ఒక ఫోటో సాధారణంగా అంతకంటే పెద్దదే. మైదానం నిండా శత్రువులను తిప్పడం అలాంటి యంత్రానికి తలకు మించిన భారం.

కానీ యంత్రం బలహీనతే ఏకైక కారణమైతే ఆ పద్ధతి ఎప్పుడో పోయి ఉండేది. 2018లో ఆక్టోపాత్ ట్రావెలర్, 2024లో కొత్త రూపంతో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ 3 దాన్నే ఉంచుకున్నాయి. ఎందుకో ఒక గుహలోకి దిగి చూస్తే అర్థమవుతుంది.

మీ బృందంలో నలుగురు. సంచిలో కొన్ని మూలికలు. వైద్యం చేసే పాత్ర దగ్గర మరో నాలుగైదు మంత్రాలకు సరిపడా శక్తి. రెండో అంతస్తు దాటారు. ఎడమవైపు దారి మూలలో ఒక పెట్టె కనిపిస్తోంది, మెట్లు మాత్రం కుడివైపున ఉన్నాయి. పెట్టె దాకా పోయి రావడం అంటే ఇంకో ముప్పై అడుగులు. ఆ ముప్పై అడుగుల్లో ఒక పోరాటం రావచ్చు, మూడు రావచ్చు, అసలు రాకపోనూవచ్చు. అడుగు వేస్తారు. ఏమీ లేదు. ఇంకో అడుగు. పెట్టె ముందు నిలబడగానే తెర మెరుస్తుంది. గెలుస్తారు, కానీ వైద్యుడి శక్తి అయిపోతుంది. పెట్టెలో కత్తి దొరికింది. ఇప్పుడు కిందికి దిగితే శత్రువుల నాయకుడి గది ఎంత దూరమో తెలియదు. పైకి వెళ్తే వచ్చిన దారంతా మళ్లీ ఇదే జూదం. ఇంతటి ఉత్కంఠకు తెర మీద ఒక్క శత్రువు బొమ్మ కూడా అవసరం లేకపోయింది. శత్రువులు కళ్లకు కనిపిస్తూ ఉంటే ఆ ముప్పై అడుగుల ఖరీదు ముందే తెలిసిపోతుంది, పెట్టె దగ్గరికి వెళ్లాలా వద్దా అన్న ప్రశ్నలో బరువే ఉండదు.

ఇదంతా గుడ్డి అదృష్టమని కూడా అనుకోకండి. ఫైనల్ ఫాంటసీ 6, 7 లాంటి ఆటల్లో లోపల ఒక లెక్క అడుగు అడుగుకూ పెరుగుతూ ఉంటుంది. పోరాటం జరిగి ఎంతసేపైతే తర్వాతి పోరాటానికి అవకాశం అంత ఎక్కువ. అందుకే పోరాటం ముగిసిన వెంటనే రెండోది మీద పడడం వీటిలో అరుదు. తప్పించుకునే సాధనాలూ ఉంటాయి. ఫైనల్ ఫాంటసీ 6లో మూగుల్ చార్మ్ అనే వస్తువు తగిలించుకుంటే దారిలో పోరాటాలే రావు. పోకెమాన్‌లో రిపెల్ చల్లుకుంటే 100 అడుగుల పాటు, మీ బృందంలో మొదట ఉన్న పోకెమాన్ కంటే తక్కువ స్థాయి ఉన్నవి దగ్గరికి రావు. 1999 నాటి వైల్డ్ ఆర్మ్స్ 2లో పోరాటానికి ముందు తల మీద ఆశ్చర్యార్థకం కనిపిస్తుంది, సమయానికి బటన్ నొక్కితే పోరాటం తప్పిపోతుంది. ఇలాంటి సాధనం ఆటలో ఎంత తొందరగా చేతికి వస్తుందో కొనే ముందు తెలుసుకోండి. మంచి ర్యాండమ్ ఆటకూ విసిగించే ర్యాండమ్ ఆటకూ తేడా చాలావరకు అక్కడే ఉంటుంది.

ఇక 2015లో వచ్చిన అండర్‌టేల్ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. అందులో ఒక్కో ప్రాంతంలో ఉండే ప్రాణుల సంఖ్యకు హద్దు ఉంది. అన్నింటినీ చంపుకుంటూ పోతే ఒక దశలో తెర మామూలుగానే మెరుస్తుంది, పోరాటం మాత్రం మొదలుకాదు; ఎవరూ రాలేదని ఒక చిన్న వాక్యం కనిపిస్తుంది. ఆ క్షణం గుండెలో దిగబడుతుంది. శత్రువులు ముందే కనిపించే ఆటలో ఆ దెబ్బ కొట్టడం సాధ్యం కాదు. ఖాళీ మైదానం చూస్తూ నడవడం వేరు, వస్తారని ఎదురుచూసిన వాళ్లు రాకపోవడం వేరు.

లోపం కూడా సూటిగా చెప్పుకోవాలి. దారి తప్పే అలవాటున్న వాళ్లకు ర్యాండమ్ పద్ధతి నరకం. ఎటు వెళ్లాలో తెలియక అటూ ఇటూ తిరిగిన ప్రతి అడుగుకూ సుంకం కట్టాలి. రాయిని ఇక్కడి నుంచి అక్కడికి తోసి, మీట నొక్కి తలుపు తెరిచే చిక్కుముడుల మధ్య ఇది మరీ దారుణం. ఆలోచన ఒక కొలిక్కి వచ్చేలోపే పోరాటం వచ్చి అంతా చెదరగొడుతుంది. 2000లో డ్రీమ్‌కాస్ట్ అనే ఆట యంత్రం మీద వచ్చిన స్కైస్ ఆఫ్ ఆర్కేడియా అందమైన ఆట, ఆకాశంలో ఓడలు నడిపే ఆట. అందులో పోరాటాలు మితిమీరి వస్తున్నాయని ఆడినవాళ్లు గోల పెట్టారు. తర్వాత గేమ్‌క్యూబ్ అనే మరో యంత్రానికి తెచ్చినప్పుడు వాటిని తగ్గించారు.

దారి మీద కనిపించే శత్రువులు

ఇక్కడ రెండు రకాలను విడదీసి చూడాలి, ఎందుకంటే కనిపించడం అన్నంత మాత్రాన ఎంపిక మీ చేతికి రాదు.

నిజంగా కనిపించే ఆటకు నాకు అన్నింటికంటే నచ్చిన ఉదాహరణ 1994లో జపాన్‌లో వచ్చిన ఎర్త్‌బౌండ్. శత్రువును వెనుక నుంచి తాకితే తెర మీద ఆకుపచ్చ సుడి తిరుగుతుంది, మొదటి దెబ్బ మీది. అతనే మిమ్మల్ని వెనుక నుంచి తాకితే ఎర్ర సుడి, మొదటి దెబ్బ అతనిది. మీరు బాగా బలపడ్డాక చిన్న శత్రువులు మిమ్మల్ని చూసి పారిపోవడం మొదలుపెడతాయి. వెంటపడి తాకితే పోరాటం తెర రాకుండానే గెలుపు, అనుభవం పాయింట్లు మీ ఖాతాలో. మొదట్లో వీధి కుక్కను చూసి పక్కకు తప్పుకున్న పిల్లవాడే, కొన్ని గంటల తర్వాత అదే వీధిలోకి వస్తే ఆ కుక్క పరుగు తీస్తుంది. ఎదిగామని అంకెలతో చెప్పడం కాదు, నడకలోనే చూపించడం అది. ముప్పై ఏళ్ల తర్వాత 2024లో మెటాఫర్ ఆటలో బలహీన శత్రువులను దారి మీదే ఒక్క వేటుతో పడగొట్టే పద్ధతి చూసినప్పుడు నాకు ఎర్త్‌బౌండే గుర్తొచ్చింది.

2016 నాటి పర్సోనా 5 దీన్ని ఇంకో వైపు తీసుకెళ్లింది. గోడ చాటున నక్కి, శత్రువు వీపు తిప్పగానే మీద పడాలి. కనిపించిపోతే అక్కడి కాపలా అప్రమత్తమవుతుంది, ఆ లెక్క నిండిపోతే మిమ్మల్ని బయటకు గెంటేస్తారు. పండగ ముందు రోజుల్లో విజయవాడ బీసెంట్ రోడ్డు జనంలో సందు చూసుకుని నడిచే నేర్పు ఉన్నవాళ్లకు ఇలాంటి ఆటలు ఇట్టే పట్టుబడతాయి.

రెండో రకం పేరుకే కనిపించే రకం. శత్రువు దారి మీద ఉంటాడు, కానీ దారి అతని ఒళ్లంత వెడల్పే ఉంటుంది, పక్కనుంచి పోవడానికి వీలుండదు. 1995 నాటి క్రోనో ట్రిగ్గర్‌ను నేను ఎంతో ప్రేమిస్తాను. పోరాటం వేరే తెరలోకి పోకుండా మీరు నిలబడిన నేల మీదే జరగడం అప్పట్లో గొప్ప సంగతి. అయినా అందులో కొన్ని గుంపులను తప్పించుకోవడం కుదరదు, కొన్ని పొదల్లోంచి దూకుతాయి. క్రోనో ట్రిగ్గర్‌లో పోరాటాలు తక్కువ, వేగంగా ముగుస్తాయి కాబట్టి అది ఇబ్బందిగా తోచదు. ఇదే పని చేసే నాసిరకం ఆటల్లో మాత్రం ర్యాండమ్ పద్ధతి లోపాలన్నీ ఉంటాయి, దాని ఉత్కంఠ మాత్రం ఉండదు. కొనే ముందు ఆ ఆట గుహ భాగం వీడియో ఒకటి యూట్యూబ్‌లో పెట్టి, మాటలు ఆపేసి, దారి వెడల్పు చూడండి. ఆడుతున్న మనిషి శత్రువును చుట్టి పోగలుగుతున్నాడా? శత్రువు వెంటపడితే వదిలించుకోగలుగుతున్నాడా? అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

కనిపించే పద్ధతికి ఇంకో చిక్కుంది. తప్పించుకోవడం తేలికైతే అందరినీ తప్పించుకుంటూ పోతాం. చివరికి నాయకుడి ముందు నిలబడేసరికి బలం చాలదు, వెనక్కి వచ్చి గంటల తరబడి అవే శత్రువుల చుట్టూ తిరగాలి. ర్యాండమ్ ఆటలో దారి పొడవునా తప్పనిసరిగా పోరాడతాం కాబట్టి చాలావరకు తగినంత బలంతోనే గమ్యం చేరతాం.

రెండింటినీ కలిపినవి

1995 నాటి లుఫియా 2లో బయటి మైదానంలో శత్రువులు కనిపించరు, నేలమాళిగలో కనిపిస్తారు. అయితే నేలమాళిగలో మీరు కదిలితేనే వాళ్లు కదులుతారు. మీరు ఒక అడుగు, వాళ్లు ఒక అడుగు. చిక్కుముడులు నిండిన ఆ ఆటకు ఇంతకంటే తగిన ఏర్పాటు ఉండదు. నిలబడి ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు, ఎవరూ మీద పడరు.

2007లో నింటెండో డీఎస్ మీద వచ్చిన ఎట్రియన్ ఒడిస్సీ ఇంకా సాహసం చేసింది. చిన్న శత్రువులు కనిపించరు; కానీ తెర మూల ఒక గుర్తు రంగు మారుతూ ఉంటుంది, ఎర్రబడితే పోరాటం దగ్గర పడినట్టు. వీటికి తోడు ఎఫ్ఓఈ అనే మహాబలులు పటం మీద కనిపిస్తూ మీ అడుగుకు అడుగు కదులుతాయి. మొదట్లో వాటిని తాకితే చావే. వాటి దారి గమనించి, ఏ మూల తిరిగినప్పుడు సందు దొరుకుతుందో చూసుకుని జారుకోవాలి. అసలు భయం ఎక్కడంటే, మీరు చిన్న పోరాటంలో ఉండగా కూడా అవి ఆగవు. ఒక్కో విడత గడిచేకొద్దీ దగ్గరికి వస్తాయి, ఆలస్యం చేస్తే ఆ పోరాటం మధ్యలోకే దిగుతాయి. సంచి ఆలోచన, దారి ఆలోచన రెండూ ఒకేసారి. ఇందులో పటం కూడా మీరే గీసుకోవాలి. ఓపిక ఉన్నవాళ్లకు ఈ వరుస ఆటలను మించినవి నాకు తెలియవు.

బ్రేవ్లీ డిఫాల్ట్ నిర్ణయాన్ని ఆడేవారికే వదిలేసింది: పోరాటాలు పూర్తిగా ఆపుకోవచ్చు, రెట్టింపూ చేసుకోవచ్చు. ఆశ్చర్యం ఏమిటంటే దాని తర్వాత 2021లో వచ్చిన బ్రేవ్లీ డిఫాల్ట్ 2 కనిపించే పద్ధతికి మారిపోయింది.

ఇంతకీ మీకు ఏది?

విజయవాడ, గుంటూరు మధ్య రోజూ రైల్లో తిరిగేవాళ్లు నాకు చాలామంది తెలుసు. కృష్ణా కెనాల్ దగ్గర సీటు దొరికితే మంగళగిరి, నంబూరు దాటేదాకా ఫోను చేతిలో ఉంటుంది. ఒక చేయి పైన కడ్డీ పట్టుకుని ఉంటే శత్రువును చుట్టి పరుగు తీయడం కుదిరే పని కాదు. అలాంటి ప్రయాణానికి ర్యాండమ్ ఆటే హాయి. పోరాటం మీ వంతు కోసం ఆగుతుంది, ఎవరో "కొంచెం జరుగు బాబూ" అంటే జరిగి మళ్లీ చూసుకోవచ్చు. డ్రాగన్ క్వెస్ట్ 8 ఫోను ప్రతి నిలువుగా పట్టుకుని ఒక బొటనవేలితో ఆడేలా ఉంటుంది, అందులో పోరాటాలు ర్యాండమ్‌గానే వస్తాయి. విచిత్రంగా అదే ఆట నింటెండో 3డీఎస్ ప్రతిలో శత్రువులు కనిపిస్తారు. కాబట్టి ఆట పేరు చూసి నిర్ణయించుకోకండి, ఏ యంత్రానికి వచ్చిన ప్రతో చూడండి.

ఇంట్లో హాల్లో టీవీకి తగిలించి ఆడేవాళ్లకు నా సలహా వేరు. పక్కన చెల్లెలో, బామ్మో కూర్చుని చూస్తుంటారు. ఆడేవారికి అర్థమైనంతగా చూసేవారికి ర్యాండమ్ పోరాటం అర్థం కాదు. ఉన్నట్టుండి తెర మారిపోవడమే వాళ్లకు కనిపిస్తుంది. శత్రువు కనిపిస్తే "అదిగో వెనకాల వస్తోంది!" అని వాళ్లూ ఆటలో పాలుపంచుకుంటారు. 2023లో వచ్చిన సీ ఆఫ్ స్టార్స్ ఇలా నలుగురూ చూడడానికి చక్కటి ఆట.

ఎండాకాలం మధ్యాహ్నాలు కరెంటు మీద నమ్మకం లేని ఇళ్లలో, ఇన్వర్టర్ లేకపోతే, శత్రువు కంటే ముందు సేవ్ చేసుకునే పద్ధతి చూడండి. సేవ్ స్థానాలు దూరదూరంగా ఉండే ర్యాండమ్ ఆటలో కరెంటు పోతే, నడిచిన దారే కాదు, దారిలో కట్టిన సుంకమంతా మళ్లీ కట్టాలి. ఎక్కడైనా సేవ్ చేసుకోనిచ్చే ప్రతి ఉంటే అదే కొనండి.

పిల్లలకు పోకెమాన్ కొనిచ్చే తల్లిదండ్రులకు ఒక్క మాట. 1996 నుంచి చాలాకాలం గడ్డిలో పోకెమాన్ కనిపించేవి కావు. 2018 నాటి లెట్స్ గో ఆటల్లో బయటికి కనిపించాయి, 2019 నాటి సోర్డ్, షీల్డ్‌లలో కొన్ని కనిపిస్తూ కొన్ని గడ్డిలో దాగి ఉండేవి, 2022 నాటి స్కార్లెట్, వైలెట్‌లలో అన్నీ తిరుగుతూ కనిపిస్తాయి. ఏడెనిమిదేళ్ల పిల్లలకు నేను లెట్స్ గో సూచిస్తాను. కావలసిన పోకెమాన్‌ను చూసి దాని దగ్గరికి నడిచి వెళ్లడంలో పిల్లలకు ఉండే ఆనందం మామూలుది కాదు. అరుదైన రంగుది వస్తే మెరుపుతో కళ్లముందే తెలుస్తుంది. స్కార్లెట్, వైలెట్‌లలో దారి మీద ఆ మెరుపు లేదు, రంగు తేడాను కళ్లే పట్టుకోవాలి.

ఇంకా ఎటూ తేలకపోతే 2019లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ 11 ఎస్ తీసుకోండి. అదే కథ రెండు రూపాల్లో ఉంటుంది. త్రీడీలో శత్రువులు మైదానంలో తిరుగుతూ కనిపిస్తారు, టూడీలో పాతపద్ధతిలో ర్యాండమ్‌గా వస్తారు. ఒకే దారిని రెండు విధాలా నడిచి చూసుకునే అవకాశం మరెక్కడా ఇంత సూటిగా దొరకదు. రూపం మార్చినప్పుడు కథ ఆ అధ్యాయం మొదటికి పోతుంది కాబట్టి ఆట తొలి గంటల్లోనే మార్చి చూసుకోవడం మంచిది.

పాత ఫైనల్ ఫాంటసీ ఆటలే కావాలనుకునేవారికి 2023లో కన్సోళ్లకు వచ్చిన పిక్సెల్ రీమాస్టర్ ప్రతులు మేలు. వాటిలో దారిలో వచ్చే పోరాటాలను ఒక బటన్‌తో ఆపేయవచ్చు. కొత్త గుహలోకి మొదటిసారి దిగుతున్నప్పుడు దాన్ని ఆపకండి, ఆ గుహను కట్టిందే ఆ పోరాటాల లెక్క మీద. పెట్టెలన్నీ తెరిచి, నాయకుణ్ని ఓడించి, బయటికి నడిచి వచ్చేటప్పుడు ఆపుకోండి.